చెవి వెనక కాపురం పెట్టిన చిక్కు గారికి

మహారాజశ్రీ చిక్కు గారి సముఖానికి,

గోల్డెన్ రిట్రీవర్‌కూ పూడుల్‌కూ పుట్టిన గోల్డెన్‌డూడుల్ కుక్కను పెంచే ఇంటివాళ్లు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది తమరొక్కరే. కుక్క ఎడమ చెవి వెనక, బొచ్చు అడుగున, చర్మాన్ని ఆనుకుని దర్జాగా వెలిగిపోతున్నారు. పైనుంచి చూస్తే కనబడరు. నిమిరితే చేతికి మెత్తదనమే తగులుతుంది. వేళ్లు చర్మం దాకా పోనిచ్చి వెతికితే తప్ప ఉనికి బయటపడదు. తమరి లాఘవం అలాంటిది.

తమరి వంశవృక్షం మాకు తెలియనిది కాదు. "జుట్టు రాలదు" అని చెప్పి ఈ కుక్కలను అమ్ముతారు. రాలుతుంది. కాకపోతే రాలిన వెంట్రుక సోఫా మీద పడకుండా పక్కనున్న ఉంగరాల్లో ఇరుక్కుంటుంది. గోల్డెన్ రిట్రీవర్ వైపు నుంచి రాలే మెత్తటి లోబొచ్చు, పూడుల్ వైపు నుంచి దాన్ని కిందపడనివ్వని ఉంగరాలు, రెండూ ఒకే ఒంటి మీద! ఇంతకన్నా మంచి సంబంధం తమరికి ఎవరు కుదురుస్తారు?

ఈ డూడుల్ సంతతికి పేరు తెచ్చిన కథలోనే తమరి జాతకం ఉంది. 1989లో ఆస్ట్రేలియాలో గైడ్ కుక్కల సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్, ల్యాబ్రడార్‌ను స్టాండర్డ్ పూడుల్‌తో కలిపాడు. హవాయిలో చూపు లేని ఒకావిడకు గైడ్ కుక్క కావాలి, ఆవిడ భర్తకేమో కుక్క బొచ్చు పడదు. అందుకని ఆ ఏర్పాటు. పుట్టినవి మూడు పిల్లలు, ఆ భర్తకు పడింది ఒక్కటే. ప్రకటనలు రాసేవాళ్లు ఆ ఒక్కదాన్ని గుర్తుపెట్టుకుని మిగతా రెంటినీ మరిచిపోయారు. కాన్రన్ మాత్రం తను మొదలుపెట్టిన పనికి తర్వాత బహిరంగంగానే విచారించాడు. అసలు తుమ్ములు తెప్పించేది వెంట్రుక కూడా కాదు, లాలాజలంలోనూ చర్మపు పొట్టులోనూ ఉండే ప్రోటీన్లు. 2012లో వెలువడిన ఒక డచ్ అధ్యయనంలో, ఎలర్జీ రానివ్వవని పేరుపడ్డ జాతుల బొచ్చులోనే అందులో ముఖ్యమైన ప్రోటీన్ మిగతా వాటికన్నా ఎక్కువ దొరికింది. ఆ జాబితాలో ల్యాబ్రడూడుల్ కూడా ఉంది. ఇది తమరి శాఖ కాదనుకోండి, అయినా తమరిని ఇంట్లోకి తెచ్చిన సిఫారసు ఉత్తరం ఏపాటిదో చెప్పాలి కదా.

పిల్లగా ఉన్నన్నాళ్లూ తమరు కనిపించరు. ఆరు నెలలు దాటాక, ఏడాదిన్నర లోపు, పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే కాలం ఒకటుంది. పాతదంతా ఊడి కొత్తదానిలో చిక్కుకుంటుంది. అంతవరకు వారానికోసారి బ్రష్ చేస్తే సరిపోయిన ఇంట్లో, ఆ నెలల్లో రోజూ చేసినా తమరు తయారు. బ్రష్ మంచిది కాదేమోనని ఇంటివాళ్లు కొత్త బ్రష్ కొంటారు. తమరు నవ్వుకుంటారు.

బ్రష్‌ల మీద తమరికి భయం లేదని మాకు తెలుసు. సన్నటి వంపు తీగలుండే స్లిక్కర్ బ్రష్‌ను పైపైన ఆడిస్తే పై అంగుళం మాత్రం మేఘంలా పొంగుతుంది, అడుగున తమరు నిక్షేపంగా ఉంటారు. తమరికి పడనిది స్టీలు దువ్వెన. ఒక సగం పళ్లు ఎడంగా, రెండో సగం దగ్గరగా ఉంటాయే, అదీ. పాదం దగ్గర మొదలుపెట్టి, ఒక చేత్తో బొచ్చును పైకి ఎత్తిపట్టి, కింద చర్మం గీతలా కనబడేట్టు పాయ తీసి, ఆ గీత దగ్గర్నుంచి వరసగా కొద్దికొద్దిగా కిందికి దించుతూ బ్రష్ చేయాలి. తర్వాత అదే చోట దువ్వెన చర్మం నుంచి కొస దాకా ఆగకుండా పోవాలి. ఆగిందంటే అక్కడ తమరున్నట్టే. బ్రష్ ఎంత నొక్కాలో తెలియకపోతే ముందు మన ముంజేతి లోపలి వైపు గీసి చూసుకోవాలి, మనకు మంట పుడితే కుక్కకూ పుడుతుంది.

తమరి స్థిర నివాసాలు చెవుల వెనక, చంకలు, తొడల లోపలి వైపు, తోక మొదలు, గడ్డం కింద, నడకకని ఛాతీకి తొడిగే హార్నెస్ పట్టీ ఆనే ప్రతి చోటు. రాపిడి, తడి కలిస్తే తమరికి పండగే. పగలూ రాత్రీ హార్నెస్ తొడిగి ఉంచేవాళ్లూ, చలికాలంలో స్వెటర్ విప్పనివాళ్లూ తమరికి అద్దె లేకుండా గదులిచ్చినట్టే.

అన్నిటికన్నా పెద్ద ఉపకారం మాత్రం స్నానం. బొచ్చు అట్టకట్టింది, నీళ్లు పోస్తే వదులవుతుందని ఎవరో అనుకుంటారు, అక్కడే తమరి పంట పండుతుంది. తడిసి ఆరిన చిక్కు బిగుసుకుంటుంది. లోపలికి పోయిన షాంపూ సరిగ్గా కడుక్కుపోదు, అడుగున తేమ నిలిచి చర్మం పాచి వాసన కొడుతుంది, దురద మొదలవుతుంది, కుక్క గోక్కుంటుంది, గోక్కునే కొద్దీ తమరు ఇంకా బలుస్తారు. అందుకే దువ్వెన ఆగకుండా వెళ్లాకే నీళ్లు. తర్వాత టవల్‌తో రుద్దకూడదు, ఒత్తి నీరు పీల్చాలి. గాలికి వదిలేస్తే ఉంగరాలు ముడుచుకుపోతాయి, కాబట్టి డ్రయ్యర్‌ను తక్కువ వేడిమీద పెట్టి, బ్రష్‌తో నిటారుగా లాగుతూ అడుగు దాకా ఆరబెట్టాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు పాపం ప్రేమకొద్దీ కొబ్బరినూనె పట్టిస్తారు. దుమ్ము అంటుకుంటుంది, కుక్క నాకుతుంది, నాకిన చోట తడి. తమరి బలగానికి మరో ఊరు దొరికినట్టే.

ఇక తమరిని సాగనంపే సంగతి. శనగగింజంత ఉంటే పని సులువే. కాస్త మొక్కజొన్న గంజిపిండి (కార్న్‌స్టార్చ్) చల్లి, తమరి మొదలును చర్మం దగ్గర రెండు వేళ్లతో బిగించి పట్టుకోవాలి, అప్పుడు లాగినా నొప్పి చర్మానికి పాకదు. ముందు వేళ్లతో ఉండను నిలువుగా రెండుగా, నాలుగుగా చీల్చి, దువ్వెన చివరి పళ్లతో కొస నుంచి మొదలుకు విడదీయాలి. మొదలు నుంచి కొసకు లాగితే తమరు కదలరు, కుక్క అరుస్తుంది, రేపట్నుంచి దువ్వెన చూస్తే మంచం కిందికి దూరుతుంది.

కత్తెర తమరికి ఇష్టమైన ఆయుధం. చిక్కు బిగిసినప్పుడు చర్మం కూడా గుడారంలా చిక్కులోకి లేస్తుంది, బొచ్చేదో చర్మమేదో కంటికి తెలియదు. ఒక్క కోతకు తోలు తెగి కుట్లు పడ్డ కుక్కలు వెటర్నరీ డాక్టర్లకు కొత్త కాదు. చిక్కును బొచ్చు ఎదుగుదల దిక్కునే క్లిప్పర్‌తో, అంటే బొచ్చు కత్తిరించే మిషన్‌తో తీయాలి. పదో నంబరు బ్లేడు ఒకటిన్నర మిల్లీమీటరు బొచ్చు ఉంచుతుంది, పళ్లు దగ్గరగా ఉండే 7ఎఫ్ అయితే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. పళ్లు ఎడంగా ఉండే మామూలు ఏడో నంబరు వద్దు, చర్మపు మడతను పట్టేస్తుంది. పైన ప్లాస్టిక్ గార్డు తగిలించి కాస్త పొడుగు మిగుల్చుదామనుకునేవాళ్లకు నమస్కారం, అది చిక్కులోకి దూరదు. బ్లేడు వేడెక్కుతుంది, మధ్యమధ్య మణికట్టుకు ఆనించి చూసుకుంటూ ఉండాలి.

చెవుల దగ్గర మాత్రం తమరు పోతూ పోతూ కూడా ఒక బహుమతి ఇచ్చి పోతారు. బరువైన చిక్కు తీసేశాక చెవికి ఒక్కసారిగా రక్తం బాగా పారుతుంది, కుక్క తల విదిలిస్తుంది. గట్టిగా విదిలిస్తే చెవి రెక్కలో రక్తం నిండి బుగ్గలా ఉబ్బుతుంది. కొన్ని గంటల పాటు మెత్తటి గుడ్డ పట్టీతో చెవులను తలకు వదులుగా ఆనించి ఉంచాలి. వాపు వస్తే డాక్టరే దిక్కు.

అన్నిచోట్లా తమరే ఉంటే మిగిలేది గుండు. తిరుపతి మొక్కు లేదు, క్లిప్పర్ ఉంది. కుక్కను చూడగానే "ఇంత గుండు ఎందుకు చేశారు" అని బొచ్చు కత్తిరించే గ్రూమర్ మీద విరుచుకుపడతారు. ఆవిడ ముందే కాగితం మీద సంతకం తీసుకుని ఉంటుంది, అది ఊరికే తీసుకున్నది కాదు. టెడ్డీబేర్‌లా కనిపించాలనే సరదా ఇంటివాళ్లది, పీకుడు కుక్కది, నింద గ్రూమర్‌ది. ఇంత పొదుపుగా పాపం పంచిపెట్టేవాళ్లు తమరు తప్ప ఇంకెవరున్నారు?

మేమొక నిర్ణయానికొచ్చాం, మీ చెవిన వేస్తున్నాం. ఒంటి మీద బొచ్చు పొట్టిగా, ఆరు వారాలకోసారి కత్తిరింపు. పొడుగు ఉంచేది తల, తోక మాత్రమే, అక్కడ రోజూ దువ్వెన. హార్నెస్ నడకకే, ఇంటికి రాగానే విప్పడం. అసలు పొడుగూ కావాలి, దువ్వడానికి తీరికా లేదు అనే ఇల్లు తమరిదే, అక్కడ సుఖంగా ఉండండి.

రేపు వాన పడుతుందట. నడక మాత్రం మానదు. తమరు చంకలో చోటు చూసుకుంటున్నారని తెలుసు, డ్రయ్యర్ ప్లగ్గులోనే పెట్టి ఉంచాం.

ఇట్లు,
దువ్వెన పట్టిన ఇంటివాళ్లు