కటాఫ్ గీత దగ్గర జరిగేది లాటరీయే, ఒప్పుకుంటే నయం

పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్ల మీద చర్చ ఎప్పుడు మొదలైనా బడ్జెట్ దగ్గరే ఆగిపోతుంది. ఎంత కేటాయించారు, నిరుటి కంటే పెరిగిందా తగ్గిందా, జీడీపీలో ఎంత శాతం? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఆ డబ్బు ఎవరికి దక్కాలో తేల్చే పద్ధతి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ల్యాబుల్లో పనిచేసేవాళ్లను కదిపి చూడండి, సగం బాధ దాని గురించే చెబుతారు.

ఆరోగ్య పరిశోధనకు ప్రపంచంలో అత్యధికంగా డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్ఐహెచ్). ఏటా దాదాపు 4,700 కోట్ల డాలర్ల బడ్జెట్. దాని ప్రధాన గ్రాంటు పేరు ఆర్01. దానికి దరఖాస్తు పెట్టాలంటే ముందు ఒక్క పేజీలో లక్ష్యాలు చెప్పాలి. ఆ తర్వాత 12 పేజీల్లో పరిశోధన ఎలా చేస్తారో రాయాలి. ఆపైన బడ్జెట్, బయోడేటాలు, డేటాను ఎలా దాచి ఎలా పంచుతారన్న ప్రణాళిక, మనుషుల మీదో జంతువుల మీదో ప్రయోగాలుంటే వాటి తాలూకు కాగితాలు. అన్నీ కలిపితే చిన్న పుస్తకమవుతుంది. ఇందులో అన్నిటికంటే బరువైనది ఆ మొదటి పేజీయే. దరఖాస్తులను తూచే నిపుణుల ప్యానెల్లో కూర్చున్న వాళ్లలో చాలామంది శ్రద్ధగా చదివేది దాన్నే.

దరఖాస్తు మొత్తాన్ని క్షుణ్ణంగా చదివేది మామూలుగా ముగ్గురు రివ్యూయర్లు. 1 నుంచి 9 వరకు స్కోరిస్తారు, 1 వస్తే అద్భుతం అన్నట్టు. ఈ తొలి స్కోర్లు చూసి, అడుగున ఉన్న దాదాపు సగం దరఖాస్తులను చర్చకే తీసుకోకుండా పక్కన పెడతారు. మిగిలిన ఒక్కోదాని మీద కాసేపు మాట్లాడుకుని ప్యానెల్లో అందరూ స్కోరేస్తారు. సగటును పదితో గుణిస్తే 10 నుంచి 90 మధ్య ఒక అంకె వస్తుంది. ఏ స్కోరు దాకా గ్రాంటివ్వాలన్న కటాఫ్ గీతను ఎన్ఐహెచ్‌లోని చాలా విభాగాలు 2025 దాకా ఉన్న డబ్బును బట్టే గీసేవి. ఎన్ఐహెచ్ మొత్తమ్మీద కొన్నేళ్లుగా సుమారు అయిదు దరఖాస్తుల్లో ఒకదానికే గ్రాంటు దక్కుతూ వచ్చింది.

ఈ పద్ధతి పనికిరాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎన్ఐహెచ్ ఇచ్చిన లక్షా ముప్పై వేలకు పైగా గ్రాంట్లను పరిశీలించి 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం, మంచి స్కోరు వచ్చిన ప్రాజెక్టుల నుంచి సగటున ఎక్కువ పేపర్లు, ఎక్కువ సైటేషన్లు (వేరే పరిశోధకులు ఆ పేపర్లను ఉదహరించడం) వచ్చాయని తేల్చింది. అంటే తాలును ఏరిపారేయడం రివ్యూయర్లకు వచ్చు. చేతకానిది వేరే ఉంది. బాగున్నవాటిలో ఏది ఇంకాస్త బాగుందో చెప్పలేరు. 2018లో మరో బృందం ఎన్ఐహెచ్ ప్యానెల్ తరహాలోనే ఒక ప్రయోగం చేసింది. 43 మంది రివ్యూయర్లకు 25 దరఖాస్తులిచ్చింది. అవన్నీ మొదటిసారో, సవరించి మళ్లీ పంపాకో గ్రాంటు తెచ్చుకున్నవే. ఒకే దరఖాస్తును చదివిన ఇద్దరి స్కోర్ల మధ్య ఎంత పొంతన ఉందో చూస్తే, వేర్వేరు దరఖాస్తులు చదివిన ఇద్దరి మధ్య ఉన్నదాని కంటే ఏమీ ఎక్కువ లేదు!

ఇప్పుడు ఈ రెంటినీ కలిపి చూడండి. డబ్బు ధారాళంగా ఉన్నప్పుడు కటాఫ్ గీత మంచికీ చెడుకీ మధ్య ఎక్కడో పడుతుంది. అక్కడ రివ్యూయర్ల చూపు బాగానే ఆనుతుంది. బడ్జెట్ బిగిసేకొద్దీ ఆ గీత పైకి జరుగుతూ, బాగున్నవాటి గుంపు మధ్యలోకి వస్తుంది. సరిగ్గా అక్కడే వాళ్లకు తేడా తెలియదు. నిధులు కోసేటప్పుడు ‘ఉన్న కొద్దిపాటి డబ్బూ అత్యుత్తమమైనవాటికే ఇస్తాం’ అని ప్రభుత్వాలు అభయమిస్తుంటాయి. కోత ఎంత పెరిగితే ఆ మాట నిలబెట్టుకోవడం అంత కష్టమవుతుంది.

పోనీ, ఈసారి రాకపోతే వచ్చేసారి వస్తుందిలే అనుకోవచ్చా? అంత తేలికేం కాదు. నెదర్లాండ్స్‌లో కెరీర్ మొదట్లో ఉన్న శాస్త్రవేత్తలకిచ్చే జాతీయ గ్రాంటును తీసుకుని, గీతకు వెంట్రుకవాసి పైన ఉన్నవాళ్లనూ కింద ఉన్నవాళ్లనూ పోల్చారు. స్కోర్లలో తేడా లేనట్టే. అయినా తర్వాతి ఎనిమిదేళ్లలో పైనున్నవాళ్లు కిందివాళ్లకు రెట్టింపు కంటే ఎక్కువ నిధులు తెచ్చుకున్నారు. కారణాల్లో ఒకటి కాస్త మనసు కలుక్కుమనేది: ఓడినవాళ్లు ఆ తర్వాత దరఖాస్తు పెట్టడమే తగ్గించేశారు. ఎన్ఐహెచ్‌లో ఆర్01 కోసం ప్రయత్నించిన జూనియర్ల మీద 2019లో వచ్చిన అధ్యయనమూ ఇలాంటిదే చెప్పింది. కొద్దిలో తప్పిపోయినవాళ్లలో కొందరు ఎన్ఐహెచ్ దరఖాస్తుల్లో మళ్లీ కనిపించలేదు. కానీ పట్టువదలకుండా నిలబడ్డవాళ్లు, కొద్దిలో గట్టెక్కినవాళ్లను పనిలో మించిపోయారు. వాళ్లు పనికిరానివాళ్లు కారన్నమాట. ప్యానెల్ అంచనా వాళ్ల ప్రతిభ గురించి ఏమీ చెప్పలేదు, వాళ్ల బతుకును మాత్రం మలుపు తిప్పింది.

కాలం ఖర్చు ఇంకో సంగతి. 2012లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య పరిశోధన మండలికి 3,727 దరఖాస్తులొచ్చాయి. కొత్త ప్రపోజల్ ఒక్కోదానికి సగటున 38 పనిదినాలు పట్టాయి. అన్నీ కూడితే 550 ఏళ్ల మానవశ్రమ. గ్రాంటు వచ్చింది అయిదింట ఒకరికి. అంటే నాలుగు వందల ఏళ్లకు పైగా పని చెత్తబుట్టలోకి. రాయడం వల్ల ఆలోచన పదునెక్కుతుందని కొందరంటారు. మొదటి వారం నిజమే కావచ్చు. అయిదో వారంలో పదునెక్కేది మార్జిన్లూ ఫాంట్ సైజూ మాత్రమే.

మరో చిక్కు కూడా ఉంది. ప్యానెల్‌ను ఒప్పించాలంటే ప్రిలిమినరీ డేటా, అంటే తొలి ప్రయోగాల ఫలితాలు చూపించాలి. అంటే చేయబోయే పని కొంత ముందే చేసి ఉండాలి. దాంతో సాహసం చేసే ఆలోచన కంటే, ఖాయంగా ఫలితమిచ్చే ఆలోచనే ఒడ్డెక్కుతుంది. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి సంగతే చూడండి. న్యూయార్క్‌లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ దాని విషంలో ఒక హార్మోన్ కోసం వెతికి ఎక్సెండిన్-4ను పట్టుకున్నారు. 2005లో మధుమేహానికి ఎక్సెనటైడ్ అనే మందుగా వచ్చింది అదే. మధుమేహానికీ బరువు తగ్గడానికీ వాడుతూ ఇప్పుడు అందరి నోటా నానుతున్న జీఎల్‌పీ-1 తరహా మందుల్లో మొట్టమొదటిది. ఇదంతా ముందే ఊహించి ఏ ప్రపోజల్లోనైనా ‘ఆశించిన ఫలితాలు’ అన్న శీర్షిక కింద ఎవరు రాయగలిగేవారు?

మరేం చేయాలి? నా మాట సూటిగా చెప్తాను: గీతకు బాగా పైనున్నవాటికి డబ్బివ్వండి, బాగా కిందున్నవాటిని తిప్పి పంపండి, నడుమ ఉన్నవాటికి చీటీలు తీయండి. వినగానే కొట్టిపారేయాలనిపిస్తుంది. ప్రజల పన్ను డబ్బును చీటీలతో పంచుతారా అని అడుగుతారు. కానీ ఇది కొత్తేమీ కాదు. న్యూజీలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి తన ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లను 2013 నుంచి చీటీలతోనే ఇస్తూ వచ్చింది. ఆలోచనలో దమ్ముందా, ఆచరణలో సాధ్యమేనా అన్నంతవరకే రివ్యూయర్లు చూస్తారు. అర్హమైనవాటిలోంచి డ్రా తీస్తారు. ప్రభుత్వ నిధులతో నడిచే స్విస్ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కూడా ప్యానెల్ ఎటూ తేల్చలేని దరఖాస్తులకు చీటీలు తీస్తోంది. పైగా ఇప్పుడు జరిగేది చీటీ కాదా? మీ దరఖాస్తు ఏ ముగ్గురికి వెళ్తుందన్నదే సగం అదృష్టం. కాకపోతే ఆ అదృష్టానికి నిపుణుల తీర్పు అని పేరు పెట్టుకున్నాం. చీటీకి ముఖమొహమాటాలుండవు. దరఖాస్తుదారు పేరున్న యూనివర్సిటీలో పనిచేస్తున్నాడా లేదా అనీ చూడదు.

దీనికి తోడు కృత్రిమ మేధ వచ్చిపడింది. ఒకాయన ఒకే విడతలో 40కి పైగా దరఖాస్తులు పంపాడని 2025లో ఎన్ఐహెచ్ స్వయంగా చెప్పింది. అప్పటి నుంచి ఒక్కరికి ఏడాదికి ఆరు దరఖాస్తులని పరిమితి పెట్టింది. పరిమితి మంచిదే కానీ, అసలు రోగానికది మందు కాదు. అందరూ మెషీన్‌తో మెరుగులు దిద్దుకుంటే బాగున్న దరఖాస్తుల గుంపు ఇంకా పెరుగుతుంది, తేడా కనిపెట్టడం ఇంకా కష్టమవుతుంది. 12 పేజీల సొగసైన రాతకు ఇకముందు ఎంత విలువ మిగులుతుందో అనుమానమే.

పద్ధతి మారేలోపు దరఖాస్తు పెట్టేవాళ్లకు ఒకటే సలహా. రాయడం మొదలుపెట్టక ముందే ఆ స్కీమును చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడండి. మీ ఆలోచన ఆ స్కీముకు సరిపోదని ముందే తెలిస్తే కొన్ని వారాలు మిగులుతాయి. మొహమాటపడి చాలామంది ఈ పని చేయరు.

ఇక ప్రభుత్వ సంస్థలు రేపే చేయగలిగింది ఒకటుంది. దానికి చట్టం మార్చక్కర్లేదు, పైసా అదనంగా అక్కర్లేదు. తిరస్కరణ లేఖలో ‘పోటీ తీవ్రంగా ఉంది’ అన్న అచ్చు వాక్యానికి బదులు, కటాఫ్‌కు దగ్గర్లో ఆగిపోయినవాళ్లకు ఆ సంగతే రాయాలి: మీ ప్రపోజల్ డబ్బివ్వదగ్గదేనని ప్యానెల్ భావించింది, డబ్బు చాలలేదు, మళ్లీ పంపండి.