రక్తంలో పాజిటివ్ వస్తే కడుపులో క్రిమి ఉన్నట్లేనా?

“గ్యాస్, కడుపు మంట ఉన్నవారు హెచ్. పైలోరీ రక్త పరీక్ష చేయించుకోండి. పాజిటివ్ వస్తే కడుపులో క్రిమి ఉన్నట్లే. యాంటీబాడీ ఆ ఒక్క క్రిమినే గుర్తుపడుతుంది, పొరపాటుకు తావు లేదు. నెగెటివ్ వచ్చేదాకా మందులు ఆపకండి.” హనుమకొండలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా తిరుగుతున్న సందేశం ఇది. ల్యాబ్‌లో పనిచేసే నాకే నలుగురు పంపారు.

హెచ్. పైలోరీ అంటే కడుపు లోపలి పొరలో చేరి మంట, పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా. పాజిటివ్ వస్తే ఆ క్రిమి ఉన్నట్లేనట. ఈ పరీక్ష వెతికేది ఐజీజీ యాంటీబాడీని, అంటే క్రిమి మీదికి శరీరం తయారుచేసుకున్న ప్రొటీన్‌ను. క్రిమి చచ్చినా అది నెలలు, కొందరిలో ఏళ్లు రక్తంలో తిరుగుతూనే ఉంటుంది.

ఒక్క క్రిమినే గుర్తుపడుతుందన్నది ఇంకా పెద్ద పొరపాటు. యాంటీబాడీ క్రిమిని మొత్తంగా చూడదు, దాని ఒంటి మీది చిన్న ముక్కకు అతుక్కుంటుంది. అలాంటి ముక్కే మరో క్రిమి మీద ఉంటే దానికీ అతుక్కుంటుంది. ఇంటిపేరు మాత్రమే చూసి ఉత్తరం పక్కింట్లో ఇచ్చిపోయినట్లు. సరిగా ఉడకని కోడిమాంసంతో విరేచనాలు తెచ్చే క్యాంపైలోబాక్టర్ జెజునై ఇలాంటి దగ్గరి చుట్టమే. అసలు హెచ్. పైలోరీని కూడా 1989 దాకా క్యాంపైలోబాక్టర్ అనే పిలిచారు! క్రిమి మొత్తాన్నీ నలిపి తీసిన సారంతో చేసే కిట్లలో ఈ తికమక ఎక్కువ, శుద్ధి చేసిన ప్రొటీన్లు వాడితే తక్కువ. వానాకాలం జ్వరానికి వైడల్ (టైఫాయిడ్ యాంటీబాడీలను వెతికే రక్త పరీక్ష) చేయించి ‘టైఫాయిడ్’ అనిపించుకున్నవారు మన ఊళ్లో వీధికొకరు దొరుకుతారు. అక్కడా ఇదే తంతు.

గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నా రక్త పరీక్ష ఫలితం మారదు. దానికున్న ఆ సుగుణాన్ని కాదనను. క్రిమి ఇప్పుడు ఉందా అని చూసే శ్వాస, మల పరీక్షలకైతే పాంటొప్రజోల్ లాంటి ఆ మాత్రలను రెండు వారాల ముందు, డాక్టరును అడిగి, ఆపాలి.

ఇక ‘నెగెటివ్ వచ్చేదాకా మందులు’. పరకాలలో మా మామయ్య ఈ క్రిమికి 14 రోజుల మందుల కోర్సు పూర్తిచేసి, మళ్లీ రక్త పరీక్ష చేయించుకున్నారు. ఐజీజీ పాజిటివ్, లావు అక్షరాల్లో. ఎవరినీ అడగకుండా అదే కోర్సు మళ్లీ మొదలుపెట్టారు. నోరంతా చేదు, అన్నం సహించదు. నాకు ఫోన్ చేస్తే ఆపించి డాక్టరు దగ్గరికి పంపాను. నెల దాటాక చేసిన మల యాంటిజెన్ పరీక్షలో, అంటే మలంలో క్రిమి ముక్కలనే వెతికే పరీక్షలో, నెగెటివ్ వచ్చింది. మిగిలిన మాత్రలు ఇంకా ఆయన స్టీలు డబ్బాలోనే ఉన్నాయి.