సవరణ: క్రోమాటిడ్లను విడదీసేది సైక్లిన్ కాదు

విజయనగరం ఇంటర్ విద్యార్థుల కోసం ఉల్లి వేరు కొన స్లైడుపై రాసిన గత టపాలో, కణ విభజనలో జంట క్రోమాటిడ్లను (ఒకే క్రోమోజోము రెండు నకళ్లను) సైక్లిన్ అనే ప్రొటీన్ విడదీస్తుందని ఉంది, అది సరికాదు. వాటిని కలిపి ఉంచే కొహెసిన్ అనే ప్రొటీన్ వలయాన్ని కత్తిరించేది సెపరేజ్ అనే ఎంజైము. సమయం వచ్చేదాకా దాన్ని సెక్యూరిన్ అనే ప్రొటీన్ అణచి ఉంచుతుంది. ఉల్లి కణంలోని 16 క్రోమోజోముల్లో ఒక్కదానికి కండె పోగు (క్రోమోజోమును లాగే దారం) అందకపోయినా, దాని కైనెటోకోర్ (పోగు అతుక్కునే చోటు) వద్ద చేరిన మ్యాడ్2 ప్రొటీన్, సెక్యూరిన్ నాశనానికి అవసరమైన సీడీసీ20 అనే మరో ప్రొటీన్‌ను పట్టి ఉంచి, ఆ నాశనాన్ని ఆపుతుంది. ఒక్క పోగు కోసం కణమంతా నిలిచిపోవడం, నా దృష్టిలో, విద్యార్థులు తప్పక గ్రహించవలసిన విషయం. స్లైడులో మధ్యస్థదశలో వరుసగా నిలిచి కనిపించే క్రోమోజోములు ఎదురుచూసేది విడిపోయే అనుమతి కోసమే. అన్నిటికీ పోగులు అందాక ఏపీసీ అనే ప్రొటీన్ల సముదాయం సెక్యూరిన్‌తో పాటు సైక్లిన్ బీకి కూడా నాశనపు గుర్తు వేస్తుంది. కణాన్ని విభజనలోకి నడిపించడమే ఈ సైక్లిన్ బీ పని; సైక్లిన్లను కనుగొన్నది 2001 నోబెల్ గ్రహీత టిమ్ హంట్.