స్నాప్‌షాట్ ఉంది సరే, బ్యాకప్ ఏదీ?

క్లౌడ్‌లో సర్వర్లు నడిపే ఏ ఆఫీసులోనైనా బ్యాకప్ సంగతి అడగండి. "రోజూ రాత్రి స్నాప్‌షాట్ పడుతుందండీ" అంటారు. అంటే ఆ క్షణాన డిస్కు ఎలా ఉందో అలా తీసిన నకలు. పడుతుంది, కాదనను. కానీ సర్వరున్న ఖాతాలోనే, అదే అడ్మిన్ లాగిన్ కిందే పడుతుంది. ఇంటి తాళంచెవి, బీరువా తాళంచెవి ఒకే గుత్తికి వేలాడుతున్నాయన్నమాట.

2014 జూన్‌లో, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే కోడ్ స్పేసెస్ సంస్థ ఇలాగే మూతపడింది. అది వాడే అమెజాన్ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లో చొరబడ్డ దుండగుడు డబ్బు అడిగాడు. సంస్థ పాస్‌వర్డులు మార్చబోతే, ముందే సృష్టించుకున్న అదనపు లాగిన్లతో డిస్కులు, స్నాప్‌షాట్లు చెరిపేశాడు. మొత్తం 12 గంటల వ్యవహారం.

మందు కొత్తదేమీ కాదు: రెండో ఖాతా. అయితే స్నాప్‌షాట్‌ను ఆ ఖాతాతో షేర్ చేసి ఊరుకుంటే దండగ. అసలుది చెరిపితే ఇదీ పోతుంది. అక్కడికి కాపీ చేయాలి. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. డిస్కును అమెజాన్ డిఫాల్ట్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే స్నాప్‌షాట్ షేర్ కానే కాదు. ముందు సొంత కేఎంఎస్ కీతో (అమెజాన్ కీ నిర్వహణ సేవలో మనమే సృష్టించుకునే కీ) మళ్లీ కాపీ తీసి, ఆ కీ వాడే అనుమతి రెండో ఖాతాకివ్వాలి. తర్వాత కాంప్లయన్స్ మోడ్‌లో స్నాప్‌షాట్ లాక్ వేస్తే, గడువు తీరేదాకా రూట్ యూజర్ (ఖాతాపై పూర్తి అధికారమున్న లాగిన్) కూడా చెరపలేడు.

ఖర్చు రెట్టింపంటారు. నిజమే, మొదటి కాపీ పూర్తి పరిమాణంలో పడుతుంది. అదే కీతో తీస్తూ పోతే ఆ తర్వాతివి మారిన బ్లాకులే, అంటే డిస్కులో మారిన చిన్న ముక్కలే.

అసలు పరీక్ష రిస్టోర్, అంటే కాపీ నుంచి మళ్లీ నిలబెట్టడం. స్నాప్‌షాట్ నుంచి చేసిన డిస్కు నిమిషాల్లో 'సిద్ధం' అంటుంది, డేటా మాత్రం అడిగినప్పుడే అమెజాన్ నిల్వ సేవ ఎస్3 నుంచి దిగుతుంది. మొదటిసారి చదివే ప్రతి బ్లాకూ నెమ్మదే. డేటాబేస్ లేచినట్టే లేచి కుంటుతుంది. డీడీ, ఎఫ్ఐఓ లాంటి డిస్కు చదివే టూల్‌తో డిస్కంతా ఒకసారి చదివించాలి. పెద్ద డిస్కుకు దానికే గంటలు పడుతుంది. కాగితం మీద రాసుకున్న 'అరగంటలో పునరుద్ధరణ' ఈ గంటల్ని లెక్కేసిందా?

ప్రైవేటు కంపెనీ మునిగితే దాని యజమాని చూసుకుంటాడు. ప్రజల రికార్డుల మాటేమిటి? దక్షిణ కొరియాలోని డేజియాన్ ప్రభుత్వ డేటా సెంటర్‌లో 2025 సెప్టెంబర్ 26న మంటలు లేచాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. బయట కాపీ లేదు. పరిమాణం మరీ పెద్దదని బ్యాకప్ పెట్టలేదట! భూ భారతి పోర్టల్‌లో తెలంగాణ రైతు పొలం రికార్డు ఉంది. అలాంటి వ్యవస్థల టెండర్లలో 'బ్యాకప్ ఉండాలి' అన్న ఒక్క ముక్క చాలదు. ఆరు నెలలకోసారి, అధికారులు ఎంచిన తేదీ కాపీని ఖాళీ ఖాతాలో నిలబెట్టి, పట్టిన గంటలు బయటపెట్టాలని రాయాలి. అది చూపించేదాకా కాంట్రాక్టరుకు బిల్లు ఆపాలి.