స్వతంత్ర గాయకుడి సర్వాధికారాలు

పాటగాడి నెత్తిన రికార్డు కంపెనీ అనే ఒకే ఒక్క యజమాని కూర్చున్న రోజుల్లో, 1990లలో, అమెరికన్ గాయకుడు ప్రిన్స్ అంతటివాడు తన కంపెనీతో తగువు పడి చెంప మీద ‘బానిస’ అని రాసుకుని వేదిక ఎక్కవలసి వచ్చింది. నేటి స్వతంత్ర గాయకుడికి అటువంటి దుస్థితి లేదు. అతడికి యజమాని అంటూ ఎవరూ లేరు. పంపిణీ సంస్థ, స్ట్రీమింగ్ వేదిక, ఆ వేదికను నడిపే అల్గారిథమ్, ప్లేలిస్టుల నిర్వాహకులు, పాట కింద మోగే ‘బీటు’ సంగీతాన్ని అద్దెకిచ్చిన ప్రొడ్యూసరు, వీరు మాత్రమే ఉన్నారు. కోపం వచ్చిన రోజున వీరిలో ఎవరి మీద తిరగబడాలో తేలక అతడు మళ్ళీ బుద్ధిగా పనిలో పడిపోతాడు. కార్మిక శాంతిని ఇంత చక్కగా సాధించిన పరిశ్రమ మరొకటి ఉన్నట్టు నాకు తోచదు.

ఇక ఆ పని సంగతి. పాట రాయడం, పాడడం, మధ్యలో ర్యాప్ అందుకోవడం, ఇవన్నీ అతడి వృత్తిలో చిన్నాచితకా వ్యవహారాలు, ఎలాగోలా ఒక రాత్రిలో తెమిలిపోతాయి. అసలు వృత్తి ఆ మర్నాడు మొదలవుతుంది. ముఖచిత్రాన్ని 3000 పిక్సెళ్ళ చదరంగా తయారు చేయాలి; రికార్డింగుకు దాన్ని గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్సీ సంఖ్య తెచ్చుకోవాలి; గీత రచయిత ఎవరు, స్వరకర్త ఎవరు, గాయకుడు ఎవరు, మిక్సింగు ఎవరిది అని దరఖాస్తు అడిగిన ప్రతి గడిలోనూ తన పేరే ఓపిగ్గా నింపుకుంటూ పోవాలి. ఆపైన పాటను ప్లేలిస్టుల్లో చేర్చమని స్ట్రీమింగ్ వేదిక స్పాటిఫై సంపాదకులకు విన్నపం పెట్టుకోవాలి. తన కన్నీళ్ళూ కసీ తపనా అన్నీ 500 అక్షరాలకు మించకుండా, పాట విడుదలకు కనీసం ఏడు రోజుల ముందుగా సమర్పించుకోవాలి. గుండె పగిలి రాసిన పాటకు ‘మూడ్’ ఏమిటో జాబితాలోంచి ఎంచుకోమన్నప్పుడు, ఆ జాబితాలో తన దుఃఖానికి సరిపడే గడి లేకపోతే, దుఃఖాన్నే కొంచెం సర్దుకోవడం మర్యాద.

ర్యాపర్ల విషయం ఇంకొంచెం ముచ్చటగా ఉంటుంది. ‘నాలాంటివాడు మరొకడు పుట్టలేదు’ అని గర్జించే ఆ పాట కింద మోగుతున్న బీటు చాలాసార్లు అద్దెది. అదే బీటును ప్రొడ్యూసరు అదే ఒప్పందం మీద మరెందరికో ఇచ్చి ఉంటాడు; వారందరూ తమలాంటివారు మరొకరు పుట్టలేదనే ప్రకటించి ఉంటారు. పాట మొదట్లోనే ప్రొడ్యూసరు ముద్దుపేరు ఒక గొంతు పలుకుతుంది గనుక, అద్దె ఇంటి గుమ్మం మీద యజమాని పేరు చెక్కి ఉన్నట్టు, వినేవారికి అనుమానం కూడా మిగలదు. అందులో ఒకడు ముందుచూపుతో తన పాటను, ఎవరి సంగీతం ఏ వీడియోలో ఉందో పసిగట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేశాడంటే మొదటికే మోసం వస్తుంది. అలా నమోదు చేయడానికి ఆ అద్దె ఒప్పందాలు ఒప్పుకోవు. అయినా మిగిలినవారందరికీ ‘మీరు వేరొకరి సంగీతం వాడారు’ అని నోటీసులు అందుతాయి, ప్రకటనల రాబడి అతడి ఖాతాకు మళ్ళుతుంది. అప్పుడు మన స్వతంత్రుడు తన గొంతు తనదేనని రుజువు చేసుకోవడానికి అద్దె రసీదు వెతుక్కుంటాడు.

సంపాదన గురించి కొందరు లేనిపోని ఫిర్యాదులు చేస్తుంటారు. నియమాలు పసిపిల్లలకు కూడా అర్థమయ్యేంత సులువుగా ఉన్నాయి. శ్రోత 30 సెకన్లు విన్నాడా, అది ఒక స్ట్రీము. 29వ సెకనులో వెళ్ళిపోయాడా, అతడు అసలు రానే లేదు. అందుకే ఈ రోజుల్లో పాటకు ముందు సాగే ఆలాపనలు అంతరించి, పల్లవి గుమ్మంలోనే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటోంది. 2024 నుంచి స్పాటిఫైలో మరో సౌకర్యం కలిగింది: గడచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీములు రాని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కే కట్టరు, ఆ సొమ్మును అర్హత ఉన్న పాటలకు పంచుతారు. చిల్లర లెక్కించే శ్రమ ఆ విధంగా కళాకారుడికి తప్పింది. స్ట్రీములు ఇంకా కావాలంటే ‘డిస్కవరీ మోడ్’ ఉండనే ఉంది. అందులో చేరితే అల్గారిథమ్ ఆ పాటను మరింత మందికి వినిపించే అవకాశం ఉంటుంది. అలా వచ్చిన స్ట్రీముల రాయల్టీలో 30 శాతం వేదిక ఉంచుకుంటుంది. ముందుగా ఒక్క పైసా కట్టనక్కరలేదు, తర్వాత వచ్చేదాంట్లో కోసుకుంటారు. పాతకాలపు రికార్డు కంపెనీలు చేసిన పని కూడా ఇదే కదా అని అడిగేవారికి మర్యాద తెలియదు. ఆ కంపెనీలు అడ్వాన్సు ఇచ్చేవి.

అయినా నిరుత్సాహపడవలసిన పని లేదు, ఆదర్శానికి అమెరికన్ ర్యాపర్ ఛాన్స్ ద ర్యాపర్ ఉన్నాడు. ఏ కంపెనీతోనూ సంతకం చేయకుండా, అమ్మకానికి పెట్టకుండా స్ట్రీమింగులో మాత్రమే విడుదల చేసిన సంకలనంతో అతడు 2017లో గ్రామీ గెలిచాడు, ఆ రాత్రి మొత్తం మూడు అందుకున్నాడు. రెండు వారాల పాటు తమ దగ్గర మాత్రమే వినిపించినందుకు ఆపిల్ తనకు 5 లక్షల డాలర్లు ఇచ్చిందని ఆ తర్వాతి నెలలోనే అతడే చెప్పాడు. కాబట్టి స్వతంత్రంగా ఎదగదలచినవారు ముందుగా ప్రపంచంలోకెల్లా సంపన్నమైన కంపెనీల్లో ఒకదాన్ని పరిచయం చేసుకుని, ఆ తర్వాత నిశ్చింతగా ఎవరి మీదా ఆధారపడకుండా ఉండవచ్చు.

నా దృష్టిలో ఈ వ్యవస్థను అందరికంటే లోతుగా అర్థం చేసుకున్నవాడు ఆ రాత్రి గ్రామీ వేదిక మీద లేడు. 2024 సెప్టెంబరులో న్యూయార్కులోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఒక వ్యక్తి మీద అభియోగం మోపారు. వారి కథనం ప్రకారం అతడు కృత్రిమ మేధ చేత లక్షల పాటలు చేయించి, వాటిని వినడానికి యంత్ర ఖాతాలనే కూర్చోబెట్టి, ఏ ఒక్క పాటా అనుమానం వచ్చేంతగా మోగకుండా స్ట్రీములను సమంగా పంచి, కోటి డాలర్లకు పైగా రాయల్టీ రాబట్టాడు. పాడినవాడు లేడు, విన్నవాడు లేడు, ‘మూడ్’ గడి ముందు ఎవరూ తటపటాయించలేదు, 29వ సెకనులో ఒక్క శ్రోత కూడా లేచి పోలేదు. రాయల్టీ మాత్రం ఏళ్ళ తరబడి అందుతూనే ఉంది, పోలీసులు వచ్చేవరకూ.