‘విద్యార్థి సహాయ విభాగాలు దండగ’ అంటున్న సందేశానికి నా జవాబు

కొన్ని వారాలుగా అనంతపురంలో తల్లిదండ్రుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సహాయ విభాగాలు, సమాన అవకాశాల కేంద్రాలు దండగ అని దాని సారం. అందులో ఐదు మాటలున్నాయి. చదువుకునే చోట అందరూ సమానమే కనుక ప్రత్యేక విభాగం పిల్లలను విడదీస్తుందట. రిజర్వేషన్‌లో సీటు వచ్చాక ఇంకా సాయం అక్కరలేదట. ఇదంతా పరాయి రాష్ట్రాల వారి కోసం మన పిల్లల సొమ్ము ఖర్చు పెట్టడమట. ఏ చట్టమూ దీన్ని అడగలేదట. పండుగలు చేసి ఫోటోలు దిగడం తప్ప ఈ విభాగాలు చేసే పనేమీ లేదట. ఆరేళ్ళుగా ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ అలాంటి విభాగాన్ని నడుపుతున్నాను. ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

అందరూ సమానమే అన్నదానితో నాకు పేచీ లేదు. అందుకని ఎవరి పాట్లు వారిని పడనిస్తే చాలు అనడంతోనే పేచీ. స్కాలర్‌షిప్ పునరుద్ధరణకు బోనఫైడ్ పత్రం, అంటే ఇక్కడే చదువుతున్నారని విద్యాసంస్థ ఇచ్చే పత్రం, తేవాలని నోటీసు బోర్డులో కాగితం అంటిస్తారు. కాగితం అందరికీ ఒకటే. అధ్యాపకుడి కూతురు ఆ సాయంత్రం ఇంట్లో అడిగి తెలుసుకుంటుంది. కళ్యాణదుర్గం వైపు వేరుశనగ పండించుకునే ఇంటి నుంచి వచ్చి, ఆ వంశంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అబ్బాయి ఎవరిని అడగాలి? నేను బాధ్యత తీసుకున్న మొదటి ఏడాది అలాంటి ఒక అబ్బాయి గడువు దాటిన మూడు రోజులకు నా గదికి వచ్చాడు. “అది బ్యాంకులో ఇచ్చే కాగితం అనుకున్నాను మేడమ్, రెండు సార్లు వెళ్ళి వచ్చాను” అన్నాడు. ఆ ఏడాది స్కాలర్‌షిప్ పోయింది. వాళ్ళ నాన్నగారు వడ్డీకి తెచ్చి ఫీజు కట్టారు. మరుసటి సంవత్సరం నుంచి ప్రతి నోటీసు పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు అంటిస్తున్నాం: ఏ కాగితం కావాలి, ఎవరిస్తారు, ఏ కిటికీ దగ్గర అడగాలి, ఏ తేదీలోపు ఇవ్వాలి. ఆ నాలుగు వాక్యాలు ఎవరిని ఎవరి నుంచి విడదీశాయి?

మెస్‌లో ఎవరి ప్రాంతం వారు, ఎవరి కులం వారు ఒక బల్ల చుట్టూ చేరడం మా విభాగం పుట్టక ముందే ఉంది. చూడనట్టు నటిస్తే అది పోదు.

రెండో మాట నన్ను ఎక్కువగా బాధపెట్టింది. రిజర్వేషన్ లోపలికి రానిస్తుంది. లోపల నిలబడి డిగ్రీతో బయటికి వెళ్ళడం వేరే పని. తండా నుంచి వచ్చిన ఒక సుగాలి అమ్మాయి సంగతి చెబుతాను. ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి, అంటే లంబాడీ భాష. బడిలో, కాలేజీలో తెలుగు. పీజీకి వచ్చేసరికి పాఠం, పరీక్ష, ప్రయోగశాల పుస్తకం అన్నీ ఇంగ్లీషు. అంటే ఆమె తన మూడో భాషలో రసాయన శాస్త్రం చదువుతోంది. మొదటి ఇంటర్నల్ పరీక్షలో జవాబులన్నీ సగంలో ఆగిపోయాయి. మౌఖికంగా తెలుగులో అడిగితే ఒక్కటీ తప్పలేదు. ఆమెకు కొరవడింది తెలివి కాదు, వాక్యం. వారానికి మూడు సాయంత్రాలు, రెండేసి గంటలు, ఒక ఖాళీ తరగతి గదిలో సీనియర్లు ఒక్కో ప్రశ్నను ముందు తెలుగులో చర్చించి, తర్వాత ఇంగ్లీషులో రాయించేవారు. రెండో సెమిస్టర్ చివరికి ఆమే కొత్తవారికి రాయిస్తోంది. ఆ గదిలో కూర్చునే వారిలో ఓపెన్ కోటా పిల్లలూ ఉన్నారు. తెలుగు మాధ్యమంలో చదివిన ఏ కులపు రైతుబిడ్డకైనా అదే ఇబ్బంది. మేము తలుపు దగ్గర ఎవరినీ కులం అడగలేదు.

ఇక పరాయివారి మాట. రాయలసీమలో ఒక్క తెలుగే ఉండేదని, మిగతా భాషలూ అలవాట్లూ నిన్నగాక మొన్న రైలెక్కి వచ్చాయని సందేశం రాసినవారు అనుకుంటున్నట్టున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనతో కలిశాయి. అక్కడి కొన్ని పల్లెల్లో కన్నడం ఇప్పటికీ ఇంటి భాష. కర్నూలులో, కడపలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో వచ్చింది. 2022లో చేసిన సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. నల్లమల గూడేల్లో చెంచులున్నారు, తండాల్లో సుగాలీలున్నారు. జేఎన్‌టీయూ అనంతపురానికి మూలమైన ఇంజినీరింగ్ కాలేజీయే 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో ఇక్కడికి తరలివచ్చింది. బహుభాషా విద్యార్థులకు చేయూత అంటే ముందుగా అందేది ఈ నేల పిల్లలకే. నా హాజరు పుస్తకం అదే చెబుతోంది.

బయటివారూ వస్తారు, నిజమే. బుక్కరాయసముద్రం మండలం జంతులూరు దగ్గర కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 2018లో తరగతులు మొదలయ్యాయి. అది కేంద్ర నిధులతో నడుస్తుంది, దేశంలో ఏ మూల విద్యార్థికైనా అందులో చేరే హక్కుంది. మన పిల్లలు కూడా అదే హక్కుతో ఢిల్లీకీ కేరళకూ వెళ్తున్నారు. ఈ సందేశం పంపిన నలుగురిలో ఇద్దరి పిల్లలు అమెరికాలో చదువుతున్నారు. అక్కడ దిగిన మొదటి వారంలో వారు వెళ్ళింది విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల సహాయ కార్యాలయానికే. గది, బ్యాంకు ఖాతా, వీసా కాగితాలు అన్నీ అక్కడే కుదిరాయని ఆ తల్లులు నాతో ఎంతో సంతోషంగా చెప్పారు. ఆ ఊరట ఇక్కడికి వచ్చిన ఒడియా అమ్మాయికి దక్కకూడదని వారు నిజంగా కోరుకోరని నా నమ్మకం.

చట్టం అడగలేదన్నది శుద్ధ అబద్ధం. 2012లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన సమానత్వ నిబంధనల ప్రకారం ఉన్నత విద్యాసంస్థలు సమాన అవకాశాల కేంద్రం పెట్టాలి, వివక్షపై ఫిర్యాదులు వినే అధికారిని నియమించాలి. వివక్ష అంటే కులం, మతంతో పాటు భాషనూ వైకల్యాన్నీ ఆ నిబంధనలు లెక్కలోకి తీసుకున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది. ర్యాగింగ్ నిరోధక నిబంధనలు 2009 నుంచీ ఉన్నాయి. వీటిని అమలు చేయడానికి ఒక గది, ఒక బల్ల, జవాబుదారీ అయిన ఒక మనిషి ఉండాలి కదా.

చివరిది పండుగలు, ఫోటోలు. ఇందులో కొంత నిజముంది, నేను ఒప్పుకుంటాను. మొదటి రెండేళ్ళు మేమూ అదే చేశాం. ఓనం రోజున పూల ముగ్గు, ఉగాదికి పచ్చడి, వేదిక మీద ఒక్కో రాష్ట్రం నృత్యం, పత్రికకు ఒక చిత్రం. ఆ సాయంత్రాలు బాగుండేవి. అదే సమయంలో రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లలు తెల్లవారుజామున బిస్కెట్లు తిని నీళ్ళు తాగి తరగతికి వస్తున్నారని మాకు తెలియదు, ఎందుకంటే మెస్ తెరిచేది ఏడున్నరకు. ఒక అమ్మాయి ప్రయోగశాలలో కళ్ళు తిరిగి పడిపోయాక తెలిసింది. వార్డెన్ గారితో, వంటవారితో కూర్చుని మాట్లాడాం. వంట మాస్టరుగారు “ముందు రాత్రే కూర చేసిపెడతాను, నాలుగింటికి అన్నం వండిస్తాను, ఒక్క మనిషిని ఇవ్వండి చాలు” అన్నారు. అప్పటి నుంచి ఆ నెలంతా నాలుగింటికి మెస్ దీపం వెలుగుతోంది. పరీక్షలకు తెల్లవారుజామునే లేచే మిగతా పిల్లలూ అక్కడికే వచ్చి టీ తాగుతున్నారు.

పరీక్షల విషయమూ అంతే. చూపు సరిగా లేని విద్యార్థికి సహాయకుడు రాసిపెట్టవచ్చు, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు మరో గంట. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఇది 2013 నుంచే స్పష్టంగా ఉంది. మా దగ్గర ఒక అబ్బాయి రెండు సెమిస్టర్లు ఈ గంట లేకుండానే రాశాడు. దరఖాస్తు పరీక్షల విభాగంలో దొరుకుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు, ఆ విభాగం మెట్లెక్కితే తప్ప చేరలేని రెండో అంతస్తులో ఉంది. ఇప్పుడు ఆ దరఖాస్తు ప్రతి శాఖ కార్యాలయంలోనూ ఉంటుంది. ప్రవేశం పొందిన రోజే, మిగతా కాగితాలతో పాటు నింపించి తీసుకుంటున్నాం.