పక్కన టవర్ లేస్తుంటే పక్కవాళ్ళని అడగాలన్న రూలే లేదు

మధ్యాహ్నం అయ్యిందంటే మా అపార్ట్‌మెంట్లో చాలామంది వంటింటి గట్టు మీద గాజు సామాన్లు ఉంచట్లేదు. ముందు విజిల్ వినపడుతుంది, తర్వాత ఒక నిమిషం చప్పుడుండదు, ఆ తర్వాత నేల కింద నుంచి ఒక్క అదురు వస్తుంది, కిటికీ అద్దాలు గలగలమంటాయి, ఎవరింట్లోనో పసిపిల్ల లేచి ఏడుపు మొదలెడుతుంది. మా పై ఫ్లోర్లో ఉండే పెద్దాయన బెడ్‌రూమ్ గోడకి పగులొచ్చింది. ఆయన ఆ పగులు చివర పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాస్తున్నారు, పగులు కొంచెం సాగితే మళ్ళీ ఇంకో గీత, ఇంకో తేదీ. మొన్న నేను వెళ్ళేసరికి ఐదు గీతలున్నాయి, మొదటిదానికీ ఐదోదానికీ మధ్య జానెడు పైనే ఉంది. "నాకు ఇంజనీరింగ్ తెలీదమ్మా, ఇది దేనివల్ల వచ్చిందో నేను చెప్పలేను, ఏ రోజుకి ఎంతుందో మాత్రం చెప్పగలను" అన్నారు.

మాది హైదరాబాద్‌లో పడమటి వైపు, ఔటర్‌కి ఇవతల, పద్నాలుగేళ్ళ కిందట కట్టిన ఐదంతస్తుల బిల్డింగ్. పక్కన ఇన్నాళ్ళూ బండలూ, తుమ్మచెట్లూ ఉన్న జాగాలో ఇప్పుడు నలభై అంతస్తులు దాటే టవర్లు వస్తున్నాయి. ప్రాజెక్ట్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క బిల్డర్ సంగతి కాదు. నార్సింగి, పుప్పాలగూడ, కోకాపేట, తెల్లాపూర్, ఎటు వెళ్ళి అడిగినా దుమ్ము, బ్లాస్టింగ్, అర్ధరాత్రి టిప్పర్లు, ఇవే చెప్తారు. చివర్లో అందరూ అనే మాట కూడా ఒకటే, ఇంత పెద్దది కడుతున్నప్పుడు పక్కనున్న మమ్మల్ని ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదు అని. ఆ ప్రశ్న పట్టుకుని నేను కొన్నాళ్ళు జీవోలూ, నోటిఫికేషన్లూ తిరగేశాను. ఎవరో అడగడం మర్చిపోయారనుకున్నా గానీ, అసలు అడగాలని ఎక్కడా రాసి లేదు.

20,000 చదరపు మీటర్లు, ఆ పైన బిల్టప్ ఏరియా ఉన్న ఏ బిల్డింగ్‌కైనా పర్యావరణ అనుమతి కావాలి, 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం. ఇదే నోటిఫికేషన్ కింద ఫ్యాక్టరీయో గనో వస్తుంటే ఊళ్ళో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, తిట్టేవాళ్ళు తిడతారు, అధికారులు రాసుకుంటారు, ఆ రాసుకున్నది ఎంతవరకు పనికొస్తుందనేది వేరే విషయం, కనీసం ఒక మైకు అయితే చేతికొస్తుంది. బిల్డింగులకీ టౌన్‌షిప్‌లకీ మాత్రం ఆ ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అందులోనే మినహాయింపు ఇచ్చేశారు. రెండు వేల కుటుంబాలు దిగబోయే ప్రాజెక్ట్ అయినా అంతే. ఇక రాష్ట్రం వైపు చూస్తే 2020లో టీఎస్ బీపాస్ వచ్చింది, పెద్ద బిల్డింగులకి సింగిల్ విండోలో 21 రోజుల్లో పర్మిషన్. పని త్వరగా అవ్వడం మంచిదే, ఫైలు టేబుల్ టేబుల్‌కీ తిరిగిన రోజులు ఎవరికీ వద్దు. కానీ ఆ 21 రోజుల్లో పక్కింటివాడి కోసం ఒక్క రోజు కూడా పెట్టలేదు. మనకి తెలిసేది రేకుల గోడ లేచి, దాని మీద నవ్వుతున్న ఫ్యామిలీ బొమ్మ అతికించాకే.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. చాలా నగరాల్లో ఎఫ్ఎస్ఐ అని ఒక లెక్క ఉంటుంది, ఇంత స్థలంలో మొత్తం ఇంతే కట్టాలి అని. హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో ఆ హద్దు తీసేశారు, 2012లో వచ్చిన జీవో 168లో కూడా పెట్టలేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్, ఈ రెండూ సరిపోతే ఎంత ఎత్తైనా లేపొచ్చు. 55 మీటర్ల ఎత్తుకి చుట్టూ 16 మీటర్లు వదలాలి, ఆ పైన ప్రతి 5 మీటర్లకీ ఇంకో అర మీటరు. వినడానికి బానే ఉంది.

అయితే ఈ 16 మీటర్లు భూమి పైన మాత్రమే. సెల్లార్‌కి రూలు వేరే. 2,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో సెల్లార్‌కి వదలాల్సింది 3 మీటర్లు, ఒక్కో సెల్లార్ పెరిగే కొద్దీ ఇంకో అర మీటరు. అంటే నాలుగు సెల్లార్లు తవ్వినా మా కాంపౌండ్ గోడకి నాలుగున్నర మీటర్ల దూరంలో ఆ గొయ్యి ఉండొచ్చు, అంతా రూలు ప్రకారమే. పర్మిషన్ ప్లాన్‌లో టవర్ మాకు దూరంగా కనిపిస్తుంది, నిజంలో దాని పునాది గొయ్యి మా కారు పార్కింగ్ పక్కనే ఉంటుంది. హైదరాబాద్ నేల చూస్తే పైన కొంత మొరం, కింద గ్రానైటు. ఆ గ్రానైటులో నాలుగు అంతస్తుల లోతు దిగాలంటే బ్రేకరో, బ్లాస్టింగో తప్పదు. కెమికల్ పోసి చప్పుడు లేకుండా రాయి చీల్చే పద్ధతి ఉంది, దానికి టైమూ డబ్బూ ఎక్కువ, పక్కన ఇళ్ళున్న చోట అదే వాడితీరాలని గట్టిగా అడిగేవాళ్ళు లేరు కాబట్టి వాడరు.

నీళ్ళు కూడా ఈ గొయ్యిలోకే వచ్చి ఆగుతాయి. మన బోర్లకి నీళ్ళు పైనున్న మొరం పొరలోంచి, రాతి పగుళ్ళలోంచి వస్తాయి. పక్కన అంత లోతు గొయ్యి తవ్వితే ఆ నీళ్ళు అటు ఊరతాయి, వాళ్ళు రాత్రింబవళ్ళు మోటర్లు పెట్టి కాలవలోకి తోడేస్తారు. పోయిన వేసవిలో మా రెండు బోర్లలో ఒకటి ఆగిపోయింది, అప్పట్నుంచి రోజుకి రెండు ట్యాంకర్లు. ఆ గొయ్యి వల్లేనా అంటే నేను నిరూపించలేను. తవ్వకముందు మా బోర్లో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో ఎవరైనా కొలిచి రాసిపెట్టి ఉంటే నిరూపించగలిగేదాన్ని, కానీ ఎవరూ కొలవలేదు, కొలవాలని ఎవరికీ ఏ షరతూ లేదు.

ఈ గోతుల పక్కన ప్రాణాలు కూడా పోతాయి. 2024 మే 7 రాత్రి పెద్ద వానకి బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ పక్కనున్న రేకుల షెడ్ల మీద కూలి ఏడుగురు చనిపోయారు, అందులో నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. వాళ్ళంతా వలస వచ్చిన కూలీలు, వాళ్ళ కుటుంబాలు. పక్కవాళ్ళంటే ఫ్లాట్ ఓనర్లే కాదు, ఆ గోడ కింద రాత్రిపూట పడుకునేవాళ్ళు అందరికన్నా దగ్గర పక్కవాళ్ళు. మా అసోసియేషన్ మీటింగుల్లో కూడా వాళ్ళ మాట రాదు, నాకది బాధ.

ప్రభుత్వం మధ్యవర్తిలా నిలబడుతుందని అనుకుంటాం. కానీ భూమి అమ్మేది కూడా ప్రభుత్వమే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లకి పోయింది, అమ్మింది ప్రభుత్వ సంస్థే అయిన హెచ్ఎండీఏ. ఎకరానికి వంద కోట్లు పెట్టినవాడు పదంతస్తులు కట్టి ఊరుకుంటే మునిగిపోతాడు కదా, యాభై కట్టాల్సిందే. ఎంత ఎత్తు లేస్తే ఖజానాకి అంత లాభం అయినప్పుడు, పక్క కాలనీ వాళ్ళ అర్జీ ఎవరి టేబుల్ మీద పడుతుంది, ఎంత గట్టిగా చదువుతారు?

ఇల్లు కట్టొద్దని నేను అనట్లేదు. ఆ టవర్లో కొనేవాళ్ళు కూడా మాలాగే ఇరవై ఏళ్ళ ఈఎంఐ పెట్టుకున్నవాళ్ళే. మా బిల్డింగ్ కట్టినప్పుడు వెనక పాత ఊళ్ళో వాళ్ళు మా దుమ్ము తిన్నారు, మా బోరు పడ్డాక వాళ్ళ బావి అడుగంటిందని ఇప్పటికీ అంటారు, అప్పుడు మేం వాళ్ళని అడిగామా అంటే అడగలేదు. బాల్కనీలోంచి గండిపేట వైపు కనిపించే ఆకాశం పోతుందని మాలో కొందరు బాధపడుతున్నారు, అది అర్థమవుతుంది గానీ దాని మీద పోట్లాడితే నిలబడదు. వెలుతురు, గాలి మీద హక్కు రావాలంటే ఆటంకం లేకుండా ఇరవై ఏళ్ళు అనుభవించి ఉండాలంటుంది చట్టం, మాకు పద్నాలుగే అయ్యాయి. రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే రెరా కూడా ఎక్కువగా కొన్నవాళ్ళ కోసం పెట్టిందే. రాత్రి చప్పుడు మీద మాత్రం వదలొద్దు, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య రూల్స్ ప్రకారం ఇళ్ళుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు, ఒక్క టిప్పర్ రివర్స్ తీసుకుంటేనే అది దాటిపోతుంది.

మరి ఏం అడగాలి? నాకైతే ముందు కావాల్సింది ఒక్కటి, తవ్వకం మొదలయ్యే ముందు చుట్టూ ఉన్న బిల్డింగుల గోడలు, పునాదులు, బోర్లలో నీటి మట్టం, ఇవన్నీ బయటి ఇంజనీర్ చేత ఫోటోలతో సహా రికార్డ్ చేయించి, ఒక కాపీ బిల్డర్‌కి, ఒకటి మాకు, ఒకటి మున్సిపల్ ఆఫీసుకి ఇవ్వాలి. ఖర్చు బిల్డర్‌దే, ఆ ప్రాజెక్ట్ లెక్కల్లో అది ఒక హోర్డింగ్ అద్దె కూడా కాదు. ఇది లేకపోతే రేపు ఏ పగులు చూపించినా "అది ముందు నుంచే ఉందండీ" అంటారు, మాకూ అదే అన్నారు. ఇంకోటి, ఇప్పుడు కూడా పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్టప్ ఏరియాలో 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ పెట్టించుకుంటారు, కట్టడం పూర్తయ్యాక ఇక దిగొచ్చని సర్టిఫికెట్, అంటే ఓసీ, ఇచ్చేటప్పుడు విడుదల చేస్తారు. ప్లాన్ ప్రకారం కట్టాడా లేదా అని చూడ్డానికి పెట్టిన తాళం అది. పక్కవాళ్ళకి జరిగిన నష్టం తేలేదాకా ఆ తాళం తియ్యకూడదని ఒక్క లైను కలిపితే చాలు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక జీవో సవరణతో అయ్యే పని.

మేం ఇదే రాసి పోయిన వారం అర్జీ ఇచ్చాం. గోడల ఫోటోలు, ట్యాంకర్ బిల్లులు జత చేశాం. పెద్దాయన తన గోడ మీద గీతల తేదీలన్నీ ఒక తెల్లకాగితం మీద ఎక్కించి, కింద సంతకం పెట్టి, అది కూడా పెట్టమన్నారు. కౌంటర్లో ఉన్నాయన ఆ కాగితం రెండుసార్లు తిప్పి చూసి, ఇది ఏ కేటగిరీ కింద తీసుకోవాలి అని అడిగారు. ఆన్‌లైన్ ఫారంలో ఉన్న లిస్ట్ అంతా వెతికాం, అక్రమ నిర్మాణం ఉంది, ఆక్రమణ ఉంది, పర్మిషన్ ఉన్న నిర్మాణం వల్ల పక్కింటికి నష్టం అనేది మాత్రం లేదు. చివరికి "ఇతరములు" కింద తీసుకున్నారు.